నియమం ముందా, మనిషి ముందా? – వెరియర్ ఎల్విన్ జీవితం



ఈ స్మారక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాసి పంపమని సంఘం పెద్దలు అడిగారు. కొమురం భీం గురించి, రాంజీ గోండు గురించి మనవాళ్లు రాస్తారు, రాయాలి కూడా. మేము మాత్రం బయటి నుంచి వచ్చి ఆదివాసుల మధ్య బతికిన ఒక మనిషి గురించి రాస్తున్నాము. ఆయన పేరు వెరియర్ ఎల్విన్. బి.ఇడి. చదివే రోజుల్లో ఆయన పేరును, ఆయన పుస్తకాల పేర్లను పరీక్ష కోసం బట్టీ పట్టాము. గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్‌గా ఇన్నేళ్లు పనిచేశాక ఆయన జీవితాన్ని మళ్లీ చదివితే వేరేగా కనిపించింది. మాకు రోజూ ఎదురయ్యే ప్రశ్న ఒకటి అందులో ఉంది. అందుకే ఈ వ్యాసం.

బాల్యం, చదువు

ఎల్విన్ 1902 ఆగస్టు 29న ఇంగ్లండులోని డోవర్‌లో పుట్టారు. తండ్రి ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో బిషప్. ఎల్విన్‌కు ఏడేళ్లు నిండే కాలానికి, 1909లో, తండ్రి చనిపోయారు. తల్లి చాలా నిష్ఠ గల క్రైస్తవురాలు. ఆ నిష్ఠలోనే పిల్లలను పెంచింది. ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కాలేజీలో ఎల్విన్ ఆంగ్ల సాహిత్యంలోనూ, దైవశాస్త్రంలోనూ మొదటి తరగతిలో ఉత్తీర్ణులయ్యారు. గురువుగా అభిషేకం పొంది, అక్కడే ఒక దైవశాస్త్ర కళాశాలకు వైస్ ప్రిన్సిపాల్ అయ్యారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు కూడా దాటలేదు. ఆ దారిలోనే పోతే తండ్రిలాగే బిషప్ అయ్యేవారు.

కానీ 1927లో ఆయన ఓడ ఎక్కి ఇండియాకు వచ్చారు. తన దేశం ఇక్కడి నుంచి తీసుకుపోతూనే ఉంది కదా, ఇచ్చేందుకు ఒక్కరైనా రావాలి కదా అన్నది ఆయన ఆలోచన. పూనాలో క్రీస్తు సేవా సంఘం అనే ఆశ్రమంలో చేరారు. 1928లో సబర్మతిలో గాంధీగారిని చూశారు. చూసిన తర్వాత మనసు పూర్తిగా ఇటు తిరిగింది. స్వాతంత్ర్యోద్యమం పక్షాన నిలబడి పుస్తకాలు రాశారు. తెల్లదొరల ప్రభుత్వానికీ, చర్చి పెద్దలకూ ఇది నచ్చలేదు.

కరంజియా కొండ మీద

1932 జనవరిలో ఎల్విన్, ఆయన మిత్రుడు శామ్‌రావ్ హివాలే కలిసి మధ్య పరగణాల్లోని మైకల్ కొండలకు వెళ్లారు. మండ్లా జిల్లాలో కరంజియా అనే గోండు ఊరు. అక్కడ గుడిసెలు వేసుకుని, అసిసీకి చెందిన సెయింట్ ఫ్రాన్సిస్ పేరుతో ఆశ్రమం పెట్టారు. గోండ్ సేవా మండల్ కూడా అప్పుడే మొదలైంది. ఫ్రాన్సిస్ ధనవంతుల ఇంట పుట్టి, అన్నీ వదిలి, కుష్ఠురోగిని కౌగిలించుకున్న మనిషి. ఎల్విన్‌కు ఆయనే ఆదర్శం. మందులిచ్చే చిన్న ఆసుపత్రి, చుట్టుపక్కల ఊళ్లలో పాఠశాలలు, కుష్ఠురోగుల కోసం ఒక ఆశ్రయం ఒక్కొక్కటిగా లేచాయి. మందుల కోసం జనం మైళ్ల దూరం నుంచి నడిచి వచ్చేవారు.

ఇక్కడే మొదటి చిక్కు వచ్చింది. ఆ ప్రాంతం నాగపూర్ బిషప్ కింద ఉండేది. ఎల్విన్ గురువుగా పనిచేయాలంటే బిషప్ లైసెన్సు ఇవ్వాలి. దానికి చక్రవర్తికి విధేయుడనని ప్రమాణం చేయాలి. గోండులకు సువార్త ప్రకటించడానికి కూడా సిద్ధపడాలి. ఎల్విన్ రెండింటికీ ఒప్పుకోలేదు. కడుపు నొప్పితో వచ్చినవాడికి మందు ఇస్తూ, నీ దేవుణ్ణి వదులుతావా అని అడగడం ఆయనకు నచ్చలేదు. లైసెన్సు రాలేదు. గుడిసెలో ప్రార్థన చేసుకుంటూనే ఆయన పని సాగించారు. చివరకు 1935లో చర్చిని పూర్తిగా వదిలేశారు. అది కోపంతో తీసుకున్న నిర్ణయం కాదు. తల్లి బాధపడుతుందని, స్నేహితులు దూరమవుతారని తెలిసి, చాలాకాలం తనలో తాను నలిగి తీసుకున్న నిర్ణయం.

క్రైస్తవంలో కృప అనే మాట ఒకటి ఉంది. మన ఊళ్లలో చర్చికి వెళ్లే కుటుంబాలున్నాయి కాబట్టి ఆ మాట మనకు కొత్త కాదు. మా ఇంట్లో పెర్సపేన్‌నే కొలుస్తాము, అయినా ఆ మాట అర్థం మాకు తెలుసు. అర్హత ఉందా లేదా అని చూడకుండా, బదులు అడగకుండా ఇచ్చేది కృప. ధర్మశాస్త్రం అక్షరం పట్టుకుని, తప్పిన మనిషిని బయటికి నెట్టేవాళ్లను యేసు గట్టిగా మందలించాడని బైబిల్ చదివినవాళ్లు చెబుతారు. ఎల్విన్ చదివిన దైవశాస్త్రంలోనూ ఉన్నది ఇదే. చర్చి వదిలాక ఆయన ఆ పాఠాన్ని వదల్లేదు. కుష్ఠురోగుల ఆశ్రయం మూతపడలేదు.

చట్టాల ముందు ఆదివాసి

అడవిలో ఉంటున్నకొద్దీ ఎల్విన్‌కు ఇంకో సంగతి తెలిసింది. ఆదివాసిని నలిపేది చర్చి నియమాలు మాత్రమే కాదు. బైగాలు అడవి కొట్టి, కాల్చి, ఆ బూడిదలో విత్తనం చల్లే పోడు సేద్యం చేసేవారు. దాన్ని వాళ్లు బేవార్ అంటారు. భూమి తల్లి కాబట్టి నాగలితో ఆమె రొమ్ము చీల్చకూడదని వాళ్ల నమ్మకం. అటవీ శాఖ పోడును నిషేధించి, బైగా చక్ అనే కొద్దిపాటి ప్రాంతంలో తప్ప మిగతా చోట్ల చేయనివ్వలేదు. అలవాటు లేని నాగలి చేతికిచ్చి, బతకమన్నారు. 1939లో వచ్చిన ద బైగా అనే పుస్తకంలో ఎల్విన్ ఈ గోడు అంతా రాశారు. పోడు కోసం కేసులు పెట్టించుకున్న మనవాళ్లకు ఇది ఎప్పటిదో కథ కాదు.

ఆ తర్వాత బస్తర్ వెళ్లారు. మరియాలలో హత్యలు, ఆత్మహత్యలు ఎందుకు జరుగుతున్నాయో తెలుసుకోవడానికి కోర్టు కాగితాలు చదివారు. వంద హత్య కేసులను పరిశీలించి 1943లో పుస్తకం వేశారు. తాగి, కోపంలో, అనుమానంలో, అలసటలో చేసిన నేరాల వెనక ఉన్న మనుషులను చూపించారు. నేరం నేరమే అన్నారు. అయితే అడవిలో పెరిగినవాడికి జైలు గోడలు ఎంత శిక్షో కూడా తీర్పు చెప్పేవారికి తెలియాలన్నారు.

గాంధీగారి అనుచరులతో కూడా ఆయనకు ఇలాగే తేడా వచ్చింది. ఇప్పపువ్వు సారాను పూర్తిగా మాన్పించాలి, నూలు వడికించాలి అని ఆశ్రమవాసులు పట్టుబట్టేవారు. దేవుడి దగ్గర, పెళ్లిలో, చావులో ఇప్పసారాకు ఉన్న చోటు తెలియకుండా నిషేధం పెట్టకూడదని ఎల్విన్ వాదించారు. పత్తి పండని కొండ మీద రాట్నం ఎందుకని అడిగారు. గాంధీగారి మీద ప్రేమ పోలేదు, కానీ దారులు వేరయ్యాయి. ఏ వైపు నుంచి వచ్చినా సరే, మనిషిని చూడని నియమానికి ఆయన తల వంచలేదు.

ఇక్కడ తలవంచక తప్పదు

ఇంతవరకు రాసి ఆపేస్తే ఈ వ్యాసం అందరికీ బాగుంటుంది. కానీ మేము ఆడపిల్లల హాస్టల్ నడిపేవాళ్లం. ఆపలేము.

1940 ఏప్రిల్‌లో ఎల్విన్ గోండు పద్ధతిలో పెళ్లి చేసుకున్నారు. ఆమె పేరు కోసీ. రాజ్‌గోండు పిల్ల. అంటే మన ఆదిలాబాద్ గోండుల ఇంటి పిల్లలాంటిదే. ఆయన పెట్టిన బడిలో చదువుకున్న పిల్ల. ఆయనకు 37 ఏళ్లు. బడి పెట్టినవాడు, మందు ఇచ్చినవాడు, ఊరికి పెద్దయినవాడు అడిగితే ఆ పిల్లకు కాదనే వీలు ఎంత ఉంటుందో మేము వేరే చెప్పనక్కర్లేదు. మా వృత్తిలో ఉన్నవాళ్లెవరూ దీన్ని ఆ కాలం అలాంటిది అని దాటవేయకూడదు.

పెళ్లి నిలబడలేదు. 1949లో కలకత్తా హైకోర్టు విడాకులు ఇచ్చింది. కోసీ ఆ కోర్టులో లేదు. ఆమె మాట వినకుండానే ఏకపక్షంగా వచ్చిన తీర్పు అది. ఎల్విన్ తర్వాత పాటన్‌గఢ్ పర్ధాన్ల ఆడబిడ్డ లీలాను పెళ్లాడి, ఆమెతో చివరిదాకా ఉన్నారు. కోసీ మాత్రం తన ఊరికి తిరిగి వెళ్లి, ఎల్విన్ పోయాక కూడా దశాబ్దాల పాటు పేదరికంలో బతికింది. దేశంలో పెద్దలెందరో ఎల్విన్ ఇంటికి వచ్చి పోయారు. కోసీ గడపకు ఎవరూ రాలేదు, చాలా ఆలస్యంగా కొందరు విలేకరులు తప్ప.

బిషప్ కాగితం మీద సంతకం పెట్టని మనిషి, కోర్టు కాగితం తీసుకుని వెళ్లిపోయాడు. చట్టం ప్రకారం ఆయనది తప్పు కాదు. కృప ప్రకారం చూస్తే తప్పే. ఈ సంగతి చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. కుష్ఠురోగి పుండు కడగగలిగిన చేతులకు, తన ఇంటి మనిషి దగ్గరకు వచ్చేసరికి ఏమైంది? కృప అనేది ఒకసారి నేర్చుకుంటే అయిపోయే పాఠం కాదని మాత్రం అర్థమైంది.

కొండల నుంచి కొండలకు

1940ల్లో, 50ల్లో ఎల్విన్ బస్తర్ మురియాల ఘోటుల్ మీద, ఒడిశా బోండోల మీద, సవరల మీద పెద్ద పుస్తకాలు రాశారు. సవరల మతం గురించిన పుస్తకం 1955లో వచ్చింది. ఆ కొండలకు ఇవతలి వైపే మన సీతంపేట సవరలున్నారు. ఆయన మిత్రుడు హైమెన్‌డార్ఫ్ దొర మన మార్లవాయిలో ఉండి గోండుల కోసం పనిచేసిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు.

1954లో ఎల్విన్ భారత పౌరుడయ్యారు. అదే ఏడాది నెహ్రూ ప్రభుత్వం ఆయన్ను ఈశాన్య సరిహద్దు ప్రాంతానికి, అంటే నేటి అరుణాచల్ ప్రదేశ్‌కు, గిరిజన వ్యవహారాల సలహాదారుగా వేసింది. షిల్లాంగ్‌లో ఉంటూ కొండదారుల్లో నెలల తరబడి తిరిగారు. 1957లో ఎ ఫిలాసఫీ ఫర్ నెఫా రాశారు. దాని రెండో ముద్రణకు నెహ్రూ రాసిన ముందుమాటలో ఉన్నవే గిరిజన పంచశీల సూత్రాలు. ఆదివాసులు తమ పద్ధతిలోనే ఎదగాలి, వాళ్ల భూమికి, అడవికి రక్షణ ఉండాలి, వాళ్లలోనుంచే పనివాళ్లను తయారుచేయాలి, పథకాలతో వాళ్లను ముంచెత్తకూడదు, ఫలితాన్ని లెక్కలతో, ఖర్చుతో కాక మనిషి ఎదుగుదలతో కొలవాలి. ఇదీ వాటి సారం. 1960లో 43 ప్రత్యేక గిరిజన బ్లాకుల పనితీరు చూసిన కమిటీకి ఆయనే అధ్యక్షుడు. 1961లో పద్మభూషణ్ వచ్చింది. 1964 ఫిబ్రవరి 22న ఢిల్లీలో గుండెపోటుతో చనిపోయారు. ఆత్మకథకు సాహిత్య అకాడమీ అవార్డు ఆయన పోయాక వచ్చింది.

మా రిజిస్టర్‌లో ఒక పేరు

ఇక మా మాట. కొన్నేళ్ల క్రితం దండారి సెలవుల తర్వాత ఒక పిల్ల ఇరవై రోజులు ఆలస్యంగా హాస్టల్‌కు వచ్చింది. అప్పటికే ఆమె పేరు రిజిస్టర్‌లో కొట్టేశాము. అటెండెన్స్ లేకపోతే పేరు తీసేయాలి, లేకపోతే మెస్ లెక్కల్లో మా మీద రిమార్కు పడుతుంది. అవ్వ చేయి పట్టుకుని వచ్చిన ఆ పిల్లను, నియమం చెప్పి, వచ్చే ఏడు తీసుకురమ్మని పంపించాము. ఎందుకు ఆలస్యమైందని అడగలేదు. తల్లికి జ్వరమని, పొలం పని ఆ పిల్ల మీదే పడిందని తర్వాత తెలిసింది. మరుసటి ఏడు ఆమె రాలేదు. ఒకరోజు బస్సులో పోతుంటే రోడ్డు పక్క చేనులో పత్తి ఏరుతూ కనిపించింది. మమ్మల్ని గుర్తుపట్టి నమస్తే పెట్టింది. మేము కిటికీ దగ్గరే కూర్చుని ఉన్నాము, దిగలేదు.

నియమాలు వద్దని మేము అనడం లేదు. రాత్రి తొమ్మిదికి తలకాయలు లెక్కపెట్టే నియమం లేకపోతే ఆడపిల్లలకు భద్రత లేదు. బడి నడిపే పెద్దమనిషిని అడ్డుకునే నియమం ఉండి ఉంటే కోసీ జీవితం వేరేగా ఉండేదేమో. బలం లేనివాళ్లను కాపాడే నియమం కావాలి. బలం లేనివాళ్లను బయటికి తోసే నియమం దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగి, మనిషిని చూడాలి.

ఇప్పుడు మేము పేరు కొట్టే ముందు ఊరికి వెళ్తున్నాము. వెళ్లలేకపోతే ఆ ఊరి పటేల్‌కో, ఆశా వర్కర్‌కో ఫోన్ చేస్తున్నాము. ఆలస్యంగా వచ్చిన పిల్లకు ముందు అన్నం పెట్టి, తర్వాత కారణం అడుగుతున్నాము. రిమార్కు పడితే పడనీ అని అనుకునే ధైర్యం ఇంకా పూర్తిగా రాలేదు, అబద్ధం ఎందుకు. కానీ ఇద్దరు ముగ్గురు పిల్లలు అలా తిరిగి వచ్చారు.

ఎల్విన్‌ను దేవుణ్ణి చేయనక్కర్లేదు, తీసి పారేయనక్కర్లేదు. ఆయన మనవాళ్ల కోసం చేసింది గుర్తుంచుకుందాం. మన ఆడబిడ్డ కోసీని కూడా గుర్తుంచుకుందాం. ఈ సంచిక చదివే టీచర్లు, వార్డెన్లు, సంఘం యువత ఒక్క పని చేయండి. మీ ఊళ్లో మధ్యలో బడి మానేసిన ఒక్క పిల్ల ఇంటికి వెళ్లి, ఎందుకు మానేసిందో అడగండి.