జాషువా మూడో గురువు

ఏటా సెప్టెంబర్ 28 వచ్చిందంటే మన వాడల గోడల మీద, ఫోన్ల స్టేటస్‌ల మీద గుర్రం జాషువా కనిపిస్తారు. ఆయన ఫొటో కింద దాదాపు ప్రతిసారీ ఒకే మాట ఉంటుంది. తన గురువులు ఇద్దరని, ఒకటి పేదరికం, రెండోది కులమత భేదం అని, మొదటిది ఓర్పును, రెండోది ఎదిరించడాన్ని నేర్పాయని ఆయన చెప్పుకున్న మాట సారాంశం అది.

ఆ మాటను మేము కాదనడం లేదు. కానీ పేదరికం మన వాడల్లో ప్రతి ఇంటికీ గురువే. కులం పాఠం చెప్పని మనిషి మనలో లేరు. అయినా అందరూ 'గబ్బిలం' రాయలేదు. పేదరికం, కులం రెండే చాలనుకుంటే జాషువా ప్రతిభంతా గాయం నుంచి దానంతటదే కారిన రక్తం అవుతుంది. ఆయన నేర్చుకున్నది, దిద్దుకున్నది, ఏళ్ల తరబడి కూర్చుని చేసిన పని కనబడకుండా పోతుంది. దళిత కళాకారుల విషయంలో ఈ లోకం తరచూ చేసే పని ఇదే. బాధను మెచ్చుకుంటుంది, పనితనాన్ని లెక్కలోకి తీసుకోదు. అందుకే ఈసారి జాషువా మూడో గురువు గురించి మాట్లాడుకుందాం. ఆ గురువు పేరు సాధన. దాన్ని చూడాలంటే ఆయన గొప్ప కావ్యాల దగ్గర కాదు, మనం సాధారణంగా దాటేసే తొలి రచనల దగ్గర మొదలుపెట్టాలి.

బొమ్మలు, పాటలు, తెరవెనుక గొంతు

జాషువా 1895లో వినుకొండలో పుట్టారు. సీతను ఎత్తుకుపోయిన కబురు రాముడు విన్న కొండ కాబట్టి వినుకొండ అయిందని స్థలపురాణం. తండ్రి వీరయ్యది యాదవ కులం, తల్లి లింగమ్మ మాదిగ. కుటుంబం క్రైస్తవం తీసుకుంది. రెండు కులాల మధ్య, రెండు మతాల మధ్య పుట్టిన ఆ పిల్లవాడిని ఊరు మాత్రం ఏ సందేహమూ లేకుండా అంటరానివాడిగానే చూసింది.

చిన్నప్పుడు ఆయన చేతికి ముందు వచ్చింది పద్యం కాదు. బొమ్మలు గీసేవారు, పాటలు పాడేవారు. తర్వాత కవిగా పేరు తెచ్చుకున్న దీపాల పిచ్చయ్యశాస్త్రి ఆయన బాల్యమిత్రుడు. ఆ స్నేహంలోనే పద్యం మీద మోజు పెరిగింది. తిరుపతి వేంకట కవుల్లాంటి జంటకవుల కాలం అది. వీళ్లిద్దరూ జంటగా రాద్దామనుకున్నారట. ఇద్దరి పేర్లనూ ఎటు నుంచి ఎటు కలిపి చూసినా జంటకవుల పేరులా కుదరక ఆ ఆలోచన మానుకున్నారని చెబుతారు. నవ్వు తెప్పించే సంగతే. కానీ ఒక బైబిల్ పేరు, ఒక బ్రాహ్మణ పేరు ఒకే పుస్తకం అట్ట మీద ఇమడలేకపోవడం ఆ కాలం గురించి కూడా కొంత చెబుతుంది.

1910లో మేరీతో పెళ్లయింది. మిషన్ బడిలో నెలకు 3 రూపాయల జీతం. ఆ తర్వాత బతుకుతెరువు వెతుక్కుంటూ రాజమండ్రి వెళ్లి 1915-16లో సినిమా వాచకుడిగా పనిచేశారు. అప్పటికి సినిమాలకు మాట రాలేదు. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన ఒక మనిషి నిలబడి కథను, సంభాషణలను చదువుతూ పోవాలి. ఎదుట కూర్చున్న జనం ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ కళ్లు తుడుచుకుంటారో రోజూ వినే ఉద్యోగం అది. జాషువా పద్యం పండితుడి నోట్లోనే కాదు, రిక్షా తొక్కే మనిషి నోట్లోనూ నిలవడానికి ఈ ఉద్యోగం కూడా కొంత కారణమని మా ఊహ.

పద్యం అనే నిషిద్ధ స్థలం

ఆ రోజుల్లో పద్యం రాయాలంటే ఛందస్సు కావాలి, వ్యాకరణం కావాలి, సంస్కృత కావ్యాల పరిచయం కావాలి. ఇవన్నీ అగ్రహారాల అరుగుల మీద ఉండేవి. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర జాషువా కాళిదాసు కావ్యాలు చదువుకున్నారు. మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం. ఈ మూడింటిలో మొదటి పేరును గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

నేర్చుకున్నంత మాత్రాన గుమ్మం తెరుచుకోలేదు. వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివితే, ఈ కులం వాడిని సభలోకి ఎవరు రానిచ్చారని కొందరు గొడవ చేశారు. మరోవైపు, క్రైస్తవుడై ఉండి హిందూ పురాణ కథలు రాయడమేమిటని సొంత మతం పెద్దలు వెలివేశారు. సభకు ఆయన కులం అడ్డు, సంఘానికి ఆయన కవిత్వం అడ్డు. దళిత క్రైస్తవులు ఈ రెండు వైపుల దెబ్బను బాగా ఎరుగుదురు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వాళ్లను షెడ్యూల్డు కులాల జాబితా బయట ఉంచినా, ఊళ్లో కులం వాళ్లను ఏ జాబితా బయటా ఉంచలేదు.

ఈ నేపథ్యంలో ఆయన తొలి రచనల పేర్లు చూడండి. 1919లో 'రుక్మిణీ కల్యాణం'. తర్వాత 'కుశలవోపాఖ్యానం', 'ధ్రువ విజయం', 'శివాజీ ప్రబంధం'. దేవుళ్ల పెళ్లిళ్లు, పురాణాల పిల్లలు, రాజుల విజయాలు. మన వాడ ఎక్కడా లేదు.

మొదటిసారి ఈ పేర్లు చూసినప్పుడు మేమూ ఇబ్బంది పడ్డాం. ఎందుకంటే అదే కాలంలో బయట మరో చరిత్ర నడుస్తోంది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన సభ జరిగి, పంచములనే పేరు వద్దు, మేము ఆది ఆంధ్రులమని ప్రకటించుకున్నారు. 1920ల్లో కుసుమ ధర్మన్న, తెల్లదొరతనమే కాదు నల్లదొరతనమూ వద్దని పాట కట్టారు. ఇవి నడుస్తుంటే జాషువా రుక్మిణి పెళ్లి రాస్తున్నారేమిటి?

దీనికి రెండు జవాబులున్నాయి. మొదటిది, అప్పుడు కవి కాదలిచిన ఎవరైనా రాసేవి అవే. చిత్రకళ నేర్చుకునేవాళ్లు ముందు ఉన్న బొమ్మను చూసి గీసినట్టే ఇదీ. రెండోది మనకు ముఖ్యమైనది. అగ్రకులపు కుర్రవాడు రుక్మిణి కథ రాస్తే అది అభ్యాసం. మాదిగ తల్లి కొడుకు రాస్తే అది గుడి తలుపు తట్టడం. వస్తువు పాతదే కావచ్చు, రాసిన చెయ్యి మాత్రం ఆ పద్యానికి పూర్తిగా కొత్తది. ఆ తొలి రచనల్లో ధిక్కారం వస్తువులో లేదు, రాయడంలోనే ఉంది.

అలాగని వాటిని గొప్ప కావ్యాలని పొగడాల్సిన పని లేదు. అవి నేర్చుకుంటున్న చేతి రాతలు. అంతకంటే ఎక్కువ చెబితే ఆ తర్వాత ఆయన ఎదిగిన ఎదుగుదలను మనమే తక్కువ చేసినట్టవుతుంది.

గిజిగాడి గూటి నుంచి గజనీ కొలువు దాకా

మార్పు ఒక్క రోజులో రాలేదు. గుంటూరులో లూథరన్ మిషన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో దాదాపు పదేళ్లు, తర్వాత 1928 నుంచి 1942 వరకు ప్రభుత్వ పాఠశాలలో పంతులుగా పనిచేశారు. ఈ మధ్యలోనే ఉభయభాషా ప్రవీణ పట్టా సంపాదించారు. బడి, ఇల్లు, పద్యం. ఈ ఏళ్లలోనే ఆయన చూపు మెల్లగా కిందికి దిగింది.

1920ల చివరికి ఖండకావ్యాలు ఎక్కువయ్యాయి. దేవుళ్ల పక్కన గిజిగాడు వచ్చింది, సాలీడు వచ్చింది. గడ్డిపోచలతో గూడు అల్లే పిట్ట, సొంత ఒంటి నుంచి దారం తీసి నేసే పురుగు. రెండూ చేతిపనివాళ్లే. వాటి పనితనాన్ని చూసి అబ్బురపడే ఆ పద్యాలు చదువుతుంటే, తోలు కుట్టే చేతుల్ని, మగ్గం నేసే చేతుల్ని దగ్గరగా చూసిన కళ్లు ఇక్కడ పనిచేస్తున్నాయని మాకు అనిపిస్తుంది. కులం పేరు ఇంకా రాలేదు. కానీ రాజుల మీద నిలిచిన చూపు పనిచేసేవాళ్ల మీదికి మళ్లింది.

'శ్మశానవాటి' పద్యాలైతే పుస్తకం దాటి నాటకం ఎక్కాయి. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన 'సత్యహరిశ్చంద్ర'లో కాటి సీను రాగానే నటులు జాషువా పద్యాలు అందుకోవడం ఆనవాయితీ అయింది. ఒకప్పుడు సభలోకి రానివ్వని కవి పద్యం కోసం ఊళ్లకు ఊళ్లు తెల్లవార్లూ కూర్చుని వన్స్‌మోర్ కొట్టాయి.

1932లో 'ఫిరదౌసి' వచ్చింది. గజనీ మహమూదు కొలువులో పారశీక కవి ఏళ్ల తరబడి కావ్యం రాస్తాడు. బంగారం ఇస్తానన్న సుల్తాను చివరకు వెండి నాణేలు పంపుతాడు. మాట తప్పిన ప్రభువు, మోసపోయిన కవి. జాషువా తన అవమానాన్ని మొదటిసారి ఇంత పెద్ద గొంతుతో చెప్పింది ఇక్కడేనని మేము అనుకుంటున్నాం. అయితే అది ఇంకా వేరే దేశం కథ, వేరే మతం కథ, వేరే మనిషి పేరు. తన సంగతి తన పేరుతో చెప్పడానికి ముందు కవి వేసుకున్న చివరి ముసుగు అది.

మేఘం గబ్బిలమైన రోజు

1941లో 'గబ్బిలం'. ఇక్కడే పాత పాఠం తిరిగొస్తుంది.

కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు కుబేరుడి కొలువులో వాడు. శాపం వల్ల ఏడాది పాటు భార్యకు దూరమై, ఆకాశంలో పోయే మేఘంతో ఆమెకు కబురు పంపుతాడు. జాషువా ఆ చట్రాన్ని అలాగే తీసుకున్నారు, లోపలున్నదంతా మార్చేశారు. కబురు పంపేది తంజావూరు ప్రాంతపు అరుంధతీ సుతుడు, అంటే మాదిగవాడు. పగలంతా కష్టపడి గంజి తాగి పడుకునే మనిషి. కబురు భార్యకు కాదు, కాశీలోని శివుడికి. కబురు మోసేది అందమైన మేఘం కాదు, ఇంట్లోకొస్తే అరిష్టమని జనం తరిమే గబ్బిలం.

గబ్బిలమే ఎందుకు? మనిషికి లేని ప్రవేశం దానికి ఉంది కాబట్టి. అది గుళ్లోకి వెళ్లగలదు, గర్భగుడి కప్పుకు వేలాడగలదు, దేవుడి చెవికి దగ్గరగా ఉండగలదు. పక్కన పూజారి లేని సమయం చూసి తన గోడు చెప్పమంటాడు ఆ మనిషి. ఈ ఒక్క ఏర్పాటులో అంటరానితనం మీద రాయాల్సిన వ్యాసమంతా ఉంది.

ఇంకో సంగతి. యక్షుడి శాపానికి ఏడాది గడువుంది. అరుంధతీ సుతుడి శాపానికి గడువు లేదు, అసలు తప్పే లేదు. మేఘసందేశం తెలిసిన పాఠకుడికి ఈ తేడా చెప్పకుండానే తగులుతుంది. ఏ కావ్యాన్ని పవిత్రమని తలకెత్తుకున్నారో, దాని నడకలోనే వాళ్ల నేరాన్ని చదివి వినిపించారు జాషువా. ఆ నడక చేతిలో లేకుంటే ఇది కుదిరేది కాదు. శాస్త్రిగారి దగ్గర కూర్చుని నేర్చుకున్న మేఘసందేశం, రుక్మిణీ కల్యాణాల్లో అరగదీసిన ఛందస్సు, ఖండకావ్యాల్లో అలవాటైన సూటిదనం అన్నీ ఇక్కడ పనికొచ్చాయి. 1919 నుంచి 1941 వరకు 22 ఏళ్లు. తొలి రచనలను తీసేస్తే 'గబ్బిలం' ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు కనిపిస్తుంది. వాటితో కలిపి చదివితే ఒక మనిషి మెట్టు మెట్టుగా కట్టిన ఇల్లులా కనిపిస్తుంది.

మన ప్రశ్నలు మిగిలే ఉన్నాయి

జాషువాను ప్రశ్నించకూడదని మేము అనడం లేదు. 1936లోనే అంబేడ్కర్ కుల నిర్మూలన గురించి రాస్తే, 1941లో జాషువా నాయకుడు శివుడికి మొర పెట్టుకోవడమేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. గాంధీ మీద ఆయన భక్తి, యుద్ధ కాలంలో ప్రచారకుడిగా చేసిన ఉద్యోగం, వచన కవిత్వం ముందుకొస్తున్నా పద్యాన్ని వదలకపోవడం, ఇవన్నీ చర్చించాల్సినవే. పద్యం సంగతిలో మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. తాతముత్తాతల నుంచి చేతిలో ఉన్న ఆస్తిని వదులుకోవడం ఒకరికి విప్లవం కావచ్చు. దాన్ని తాకనివ్వని కులంలో పుట్టి, కష్టపడి సంపాదించుకున్నవాడికి అది అంత సులువు కాదు.

ఆయనకు గౌరవాలూ వచ్చాయి. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు. అదే ఏడాది శాసన మండలి సభ్యత్వం. 1970లో పద్మభూషణ్. అయినా ఆయన 'నా కథ' రాస్తూ వెనక్కి తిరిగి చూసుకున్నది వినుకొండ బాల్యాన్ని, ఆ అవమానాలను, ఆ తొలి అడుగులను. వాటిని దాచుకోలేదు, సిగ్గుపడలేదు. 1971 జూలై 24న కన్నుమూశారు.

ఇప్పుడు మన సంగతి. హాస్టల్ గదుల్లో రాసిన తొలి కవితల్ని, గీసిన తొలి బొమ్మల్ని చూపించడానికి మన పిల్లలు ఇప్పటికీ జంకుతారు. సినిమా పాటలాగా ఉందని ఒకరు, ఇందులో దళిత స్పృహ లేదని ఇంకొకరు అంటారేమోనని భయం. మొదటి మాట బయటివాళ్లది, రెండోది కొన్నిసార్లు మనదే. మొదటి కవితలోనే తన గాయం చూపించాలని మన పిల్లలను అడగడం అన్యాయం. ప్రేమ మీద, వాన మీద, పిట్ట మీద రాసి చెయ్యి తిప్పుకునే హక్కు వాళ్లకూ ఉంది. జాషువా ఆ హక్కును రెండు వైపుల వెలినీ భరించి వాడుకున్నారు.

అందుకని ఈ సెప్టెంబర్ 28న పోస్టర్‌తో పాటు ఇంకొక పని చేద్దాం. మీ ఊరి లైబ్రరీలోనో, మీ కాలేజీ బీరువాలోనో జాషువా తొలి రచన ఒకటి దొరుకుతుందేమో వెతకండి. ఒక సాయంత్రం పదిమంది కూర్చుని దాన్ని చదవండి, ఆ తర్వాత 'గబ్బిలం' తెరవండి. మీ పాత నోటుపుస్తకం ఏదైనా చించి పారేద్దామని ఉంటే, ఆ సాయంత్రం దాకా ఆగండి.