విలియం రాక్స్‌బరో

విలియం రాక్స్‌బరో 1751వ సంవత్సరమున స్కాట్లండు దేశమున జన్మించెను. వైద్యము నభ్యసించి, 1776లో ఈస్టిండియా కంపెనీ కొలువున మద్రాసు చేరెను. పిదప గోదావరి సీమలోని సామర్లకోటకు వచ్చి, తోట వేయించి, మిరియపు తీగలను పెంచెను. మిరియమనగా మన గుంటూరు మిరప కాదు సుమా! మిరప అమెరికా ఖండమునుండి వచ్చినది.

ఆయనకు మొక్కలే లోకము. కనబడిన ప్రతి మొక్కను పరిశీలించి, దాని లక్షణములు వ్రాసికొనెడివాడు. 1787లో పెనుతుపాను వీచి, కోరంగి తీరమున సముద్రము పొంగెను. ఇంజరములో నున్న ఆయన పుస్తకములు, వ్రాతప్రతులు నీటిపాలయ్యెను. మరియొకడైనచో స్వదేశమునకు మరలిపోయి యుండును. ఆయన మరల మొదటినుండి ప్రారంభించెను.

దేశీయ చిత్రకారులచే బొమ్మలు గీయించి లండనుకు పంపెను. వానిలో మూడువందలు చేరి, 1795 మొదలు 1820 వరకు, కోరమండలు తీరపు మొక్కలను గూర్చిన గ్రంథము మూడు సంపుటములుగా వెలువడెను. పల్నాటి గుట్టలపై మంటవలె పూచు మోదుగ మీరెరిగినదే. లాటిను నామముతోపాటు ఆ తెలుగు పేరును గూడ ఆయన గ్రంథస్థము చేసెను. బొమ్మలు గీసిన మనవారి పేర్లు మాత్రము అందు కానరావు. అది తీరని లోపము.

1793లో ఆయన కలకత్తా ఉద్యానవనమునకు అధికారి యయ్యెను. 1815లో ఎడింబరోలో మరణించెను. చివరి సంపుటము పూర్తియగుట చూడలేదు. ఆయన వ్రాసియుంచిన ‘ఫ్లోరా ఇండికా’ను మిత్రుడు విలియం కేరీ శ్రీరామపురమున అచ్చొత్తించెను.