గిడుగు రామమూర్తి పంతులుగారు : రచనావేగమునకు మూలము

మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసము అను మూడును కలిసి కావ్యమునకు హేతువగునని నిర్ణయించెను. రాజశేఖరుడు కావ్యమీమాంసయందు కవి పగటిని నాలుగు ప్రహరములుగా విభజించి, మొదటిదానిని విద్యాభ్యాసమునకును, రెండవదానిని రచనకును, మూడవదానిని కావ్యగోష్ఠికిని, నాలుగవదానిని ఉదయమున వ్రాసినదాని పరీక్షకును విధించెను. నాలుగింట వ్రాతకు దక్కినది ఒక్క భాగమే. శీఘ్రముగను సమృద్ధిగను వ్రాయగోరువారు తరచుగా ఆ ఒక్క భాగమునే పెంచుకొన యత్నింతురు; తక్కిన మూడింటిని విస్మరింతురు. వ్రాతకు ముందు జరుగు సామగ్రీసంపాదనమును, వ్రాయు భాషతో గల నిత్యపరిచయమును రచనావేగమునకు మూలములని గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జీవితము తెలుపుచున్నది.

పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీకాకుళమునకు ఉత్తరమున, శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమున, వంశధారా తీరమునందలి పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. 1875లో తండ్రి మరణింపగా బాల్యముననే కష్టములు ప్రాప్తించినను చదువు విడువక విజయనగర మహారాజావారి పాఠశాలలో చేరి 1879లో మెట్రిక్యులేషను పూర్తిచేసిరి. గురజాడ అప్పారావుగారు అచట వారికి సహాధ్యాయులు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతముపై ఉపాధ్యాయులై, ఉద్యోగము చేయుచునే పట్టభద్రులైరి. ముఖలింగాలయ శాసనములను చదువగోరి ప్రాచీనలిపులను స్వయముగా అభ్యసించి తూర్పు గాంగుల చరిత్రను శోధించిరి.

పర్లాకిమిడి పరిసరములందలి కొండలలో సవరలు నివసింతురు. వారి భాషకు అప్పటికి లిపిగాని వ్యాకరణముగాని లేదు. గ్రంథము లేని భాషను నేర్చుటకు చెవియే పుస్తకము. ఆ భాష నెరిగిన వానిని ఇంట నుంచుకొని పంతులుగారు మాటలను విని నేర్చి, పదములను పాటలను కథలను సేకరించిరి. సవర బాలురకు వాచకములు రచించి, సొంత ధనముతో బడులు పెట్టించిరి. ఆ కృషికి మదరాసు ప్రభుత్వము పారితోషికము నీయబూనగా దానిని స్వీకరింపక, సవరలకు పాఠశాలలు నెలకొల్పుడని కోరిరి. కొండజ్వరమునకు సేవించిన క్వినైను వలన వారికి చెవుడు సంక్రమించెను. ధ్వనిభేదములను వినుటయే వృత్తిగా గలవానికి ఇంతకు మించిన నష్టము లేదు. ఐనను పని ఆగలేదు. దశాబ్దముల సేకరణ ఫలితముగా సవరభాషా వ్యాకరణము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడెను. సంపాదనము మందముగా సాగుట రచనకు లోపము కాదనుటకు ఈ గ్రంథములే సాక్ష్యము.

జీవభాషను చెవితో నేర్చిన యీ అనుభవమే వారిని తెలుగు బోధనను గూర్చి ఆలోచింపజేసెను. 1907 ప్రాంతమున పాఠశాలల తనిఖీ అధికారి యేట్సు దొర, తెలుగును జీవభాషగా బోధింపకుండుటకు కారణమేమని విచారించెను. పంతులుగారు, గురజాడవారు, విశాఖపట్టణ కళాశాలాధ్యక్షులు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నను చేపట్టిరి. నాటి విద్యార్థి ఒక భాషలో ఆలోచించి, దానిని మనసులో మార్చుకొని, సూత్రభయముతో మరియొక భాషలో వ్రాయవలసివచ్చెడిది. ప్రతి క్రియారూపమునొద్దను సందేహము. ప్రతి సంధియొద్దను నిలుపుదల. ఊహ ముందుకు సాగుచుండ చేయి వెనుకబడుచుండెను. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసరచన తప్పనిసరి యగుటచే ఈ విషయము సహస్రాధిక బాలుర భవిష్యత్తునకు సంబంధించినదయ్యెను. వ్యాసమును వ్యావహారికమునను వ్రాయవచ్చునను అనుమతిని ప్రభుత్వము తొలుత ఇచ్చి, పండితుల యాందోళనము వలన 1915లో ఉపసంహరించుకొనెను.

1911లో ఉద్యోగ విరమణ చేసిన పంతులుగారు ఈ వాదమునకే కాలమును వినియోగించిరి. పూర్వుల గద్యమున వ్యావహారిక రూపములు కలవని గద్యచింతామణిలో చూపిరి. వైయాకరణులు తప్పులని త్రోసివేసిన ప్రయోగములను కవుల కృతులనుండి ఏర్చి బాలకవిశరణ్యమున కూర్చిరి. గ్రాంథికవాదుల రచనలందే గ్రాంథిక నియమములు తప్పుచున్న తావులను ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజమున వెల్లడించిరి. 1919లో తెలుగు అను మాసపత్రికను నడపిరి. ఈ గ్రంథములన్నిటను ప్రతిజ్ఞ స్వల్పము, ఉదాహరణము విస్తారము. లక్ష్యములను ముందుగా కూర్చుకొనినవానికి ప్రత్యుత్తరము వ్రాయుటలో విలంబముండదు.

పాఠశాలలో వ్యాకరణము నభ్యసించినవారికి ఇచట ఒక శంక పొడమును. బాల్యమునుండి అభ్యసించినవానికి గ్రాంథికమును ధారాళముగనే ప్రవహించును గదా యని. అది సత్యమే. ఐతే అట్టి అభ్యాసమునకు పది పన్నెండేండ్ల గురుకులవాసము కావలయును. అది కొందరికే లభ్యము. పంతులుగారు ప్రాచీన కావ్యపఠనమును మానుమనలేదు. గ్రామ్యమును గ్రంథమున కెక్కింపుమనలేదు. శిష్టవ్యవహారమున నున్న భాషలో వచనము వ్రాయుటకు అందరికిని అవకాశము కోరిరి. అభ్యాసమున కాలంకారికు లిచ్చిన స్థానమును వారు తగ్గింపలేదు. ప్రతిదినము నోట నాడెడి భాషనే దానికి క్షేత్రముగా చూపిరి.

కైజర్-ఇ-హింద్ పతకమును, 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదమును వారికి లభించెను. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా, ఆ విభజనకు సమ్మతింపక, అర్ధశతాబ్దికి పైగా నివసించిన యూరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరి 15వ తేదీన మదరాసులో ప్రజామిత్ర కార్యాలయమున పత్రికాసంపాదకులను ఉద్దేశించి వ్యావహారికము నవలంబింపుడని కడసారి విజ్ఞప్తిచేసి, వారము గడచిన పిదప 22వ తేదీన పరమపదించిరి. ప్రతిదినము గడువులోపల వ్రాసి తీరవలసినవారికే ఆ చివరి మాట చెప్పుట సముచితముగ నున్నది. అనంతరకాలమున తెలుగు పత్రికలును పాఠ్యపుస్తకములును ఆ మార్గముననే నడచినవి. వారి జన్మదినమైన ఆగస్టు 29 నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపబడుచున్నది.