మార్గరీట్ పెరే

మార్గరీట్ పెరే (అక్టోబరు 19, 1909 - మే 13, 1975) ఫ్రాన్సు దేశానికి చెందిన రసాయన శాస్త్రవేత్త. పరమాణు సంఖ్య 87 గల ఫ్రాన్సియం అనే క్షార లోహాన్ని ఈమె 1939లో కనుగొన్నది. కృత్రిమంగా కాక, ప్రకృతిలోనే మొదటగా గుర్తించబడిన మూలకాలలో ఇది చివరిది.

బాల్యం, విద్య

పెరే పారిస్ సమీపంలోని విల్మోంబుల్‌లో జన్మించింది. 1914లో తండ్రి మరణించడంతో కుటుంబం ఆర్థిక ఇబ్బందుల పాలైంది. వైద్యవిద్య అభ్యసించాలన్న కోరిక నెరవేరక, రసాయన శాస్త్రంలో డిప్లొమా పొంది, 1929లో పారిస్‌లోని రేడియం సంస్థలో మేరీ క్యూరీకి సహాయకురాలిగా చేరింది. రేడియోధార్మిక మూలకమైన ఆక్టీనియంను వేరుచేసి శుద్ధి చేయడం ఈమె ప్రధాన బాధ్యత. 1934లో క్యూరీ మరణించిన తరువాత కూడా ఈమె అదే పనిని కొనసాగించింది.

ఫ్రాన్సియం ఆవిష్కరణ

ఆవర్తన పట్టికలో సీజియం కింది గడి చాలాకాలం ఖాళీగా ఉండేది. ఆ మూలకాన్ని కనుగొన్నామని 1925 - 1936 మధ్య పలువురు ప్రకటించినా, అవేవీ నిలువలేదు. 1939 జనవరిలో పెరే అప్పుడే శుద్ధి చేసిన ఆక్టీనియంలో, తెలిసిన మూలకాలకు చెందని బీటా కిరణాలు వేగంగా పెరగడం గమనించింది. ఆక్టీనియం పరమాణువులలో సుమారు నూటికి ఒకటి ఆల్ఫా కణాన్ని విడిచి 87వ మూలకంగా మారుతున్నదని తేల్చింది. దాని అర్ధజీవిత కాలం సుమారు 22 నిమిషాలు మాత్రమే. ద్రావణంలో సీజియం లవణాన్ని అవక్షేపింపజేసినపుడు కొత్త మూలకం కూడా దానితోపాటే దిగడంతో, అది క్షార లోహమని రుజువైంది. తన దేశం పేరు మీద ఈమె దానికి ఫ్రాన్సియం అని పేరు పెట్టింది.

నీటితో చర్య

క్షార లోహాలు నీటితో చర్య జరిపి హైడ్రాక్సైడ్‌ను, హైడ్రోజన్ వాయువును ఇస్తాయి. లిథియం నెమ్మదిగా చర్య జరుపుతుంది. సోడియం కరిగి నీటిపై పరుగులు తీస్తుంది. పొటాషియం ఊదారంగు మంటతో మండుతుంది. రుబీడియం, సీజియం నీటిని తాకగానే పేలుతాయి. ఈ వరుసను బట్టి ఫ్రాన్సియం ఇంకా తీవ్రంగా పేలుతుందని భావించేవారు. అయితే దాని అయనీకరణ శక్తి మోలుకు సుమారు 393 కిలోజౌళ్ళు కాగా, సీజియంది 376 మాత్రమే. బరువైన కేంద్రకం వలన కలిగే సాపేక్షతా ప్రభావాలు బాహ్య ఎలక్ట్రానును కొంత గట్టిగా పట్టి ఉంచడమే ఇందుకు కారణం. కనుక నీటితో దాని చర్య సీజియం కంటే తీవ్రంగా ఉండకపోవచ్చును. దీనిని ప్రయోగం ద్వారా తేల్చడం సాధ్యం కాలేదు. కంటికి కనిపించేంత ఫ్రాన్సియంను ఎవరూ సేకరించలేదు. ఒకవేళ సేకరించినా, తన రేడియోధార్మికత వలన పుట్టే వేడికే అది ఆవిరైపోతుంది.

తరువాతి జీవితం

పెరే 1946లో డాక్టరేటు పొంది, 1949లో స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో కేంద్రక రసాయన శాస్త్ర ఆచార్యురాలైంది. 1962లో ఫ్రెంచి సైన్సు అకాడమీకి అనుబంధ సభ్యురాలిగా ఎన్నికైంది. ఆ అకాడమీకి ఎన్నికైన తొలి మహిళ ఈమే. 1911లో మేరీ క్యూరీకి ఆ అవకాశం దక్కలేదు.

ఫ్రాన్సియం క్యాన్సర్ నిర్ధారణకు తోడ్పడగలదని పెరే ఆశించింది. కానీ సంవత్సరాల తరబడి రేడియోధార్మిక పదార్థాలతో పనిచేసిన ఫలితంగా ఈమె తానే క్యాన్సర్ బారిన పడి, దీర్ఘకాలం బాధపడి 1975లో మరణించింది.