ఎల్లా బేకరు

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని నార్తు కరొలైనాకు రాలీ ముఖ్యపట్టణము. ఆ పట్టణమున షా విశ్వవిద్యాలయము గలదు. అంతర్యుద్ధము ముగిసిన 1865 వ సంవత్సరమున, అప్పుడే బానిసత్వమునుండి విడుదల పొందిన నల్లజాతివారికి విద్య గఱపుటకై హెన్రీ మార్టిను టప్పరు అను బాప్టిస్టు బోధకుడు దానిని స్థాపించెను. అమెరికా బాప్టిస్టులకు విదేశములకై యొక మిషను సంఘమును, స్వదేశమునకై వేరొక సంఘమును ఉండెడివి. మొదటిది మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతములకు మిషనరీలను బంపెను. రెండవది షా విద్యాలయమును పోషించెను. కావున దానిని మన తెలుగు మిషను పాఠశాలలకు దూరపు చుట్టముగా దలచుట తప్పుగాదు. ఈ చరిత్రలో ఆ విద్యాలయపు ఆవరణము రెండుమారులు వచ్చును. మొదట ఒక బాలిక అచ్చట చదువుచు అధికారులకు ఎదురు నిలిచెను. ఆమె పట్టభద్రురాలైన 33 సంవత్సరములకు దక్షిణ రాష్ట్రముల విద్యార్థులను మరల ఆ చోటికే పిలిచెను. ఆమెయే ఎల్లా జోసఫీను బేకరు.

ఎల్లా 1903 వ సంవత్సరము డిసెంబరు 13 వ తేదీన వర్జీనియాలోని నార్ఫోకు పట్టణమున జన్మించెను. తండ్రి పొగయోడలపై వడ్డనపని చేయుచుండెను. ఆమెకు ఏడెనిమిదేండ్ల ప్రాయమున తల్లి పిల్లలను వెంటబెట్టుకొని తన పుట్టినింటివారుండు లిటిల్టను గ్రామమునకు జేరెను. ఎల్లా తాతగారు తాను బానిసయై పాటుపడిన భూమిలోనే కొంత కొని సేద్యము చేసిన ధీరుడు. అమ్మమ్మయు బానిసగా బుట్టినదే. యజమానులు కుదిర్చిన వరుని బెండ్లాడుటకు ఆమె యొప్పుకొనలేదు. అందులకు శిక్షగా ఇంటిపని మాన్పించి ఆమెను పొలము దున్నుటకు బంపిరి. ఆమె దున్నెను గాని మాట మార్చుకొనలేదు. ఈ కథలను ముసలమ్మ అరుగుమీద గూర్చుండి చెప్పుచుండగా మనుమరాలు మరల మరల వినుచుండెను.

1918 లో ఎల్లా రాలీకి వచ్చి షా విద్యాలయపు ఉన్నత పాఠశాలలో జేరెను. అచ్చటనే కళాశాల చదువును గూడ ముగించెను. ఆ కాలపు మిషను విద్యాలయములలో నియమములు కఠినములు. విద్యార్థినులు పట్టు మేజోళ్లు తొడుగరాదని ఒక నియమ ముండెను. కొందఱు పెద్ద విద్యార్థినులకు ఇది కష్టమాయెను. అయినను విన్నపపత్రము వ్రాయుటకు ఎవరికిని ధైర్యము చాలలేదు. ఎల్లా వారి పక్షమున నిలిచి అడిగెను. విచిత్ర మేమనగా ఆమెకు పట్టు మేజోళ్లే లేవు, కొనుటకు డబ్బును లేదు. తనకు అక్కఱలేని దానికొఱకు ఇతరుల పక్షమున మాటలు పడుట అంత సులభము గాదు. వసతి గృహములలో నుండి చదువుకొనువారికి ఈ సంగతి వేఱుగా జెప్ప బనిలేదు. మఱియొకమారు ఉత్తర రాష్ట్రములనుండి శ్వేతజాతి అతిథులు వచ్చినప్పుడు వారి వినోదమునకై బానిసత్వకాలపు భక్తిగీతములు పాడుమని విద్యాలయాధ్యక్షుడు ఆమెను గోరెను. ఆమె నిరాకరించెను. ఆ గీతములు ఆమెకు ప్రియములే. వానిని ప్రదర్శన వస్తువులుగా జేయుట మాత్రమే ఆమెకు నచ్చలేదు. ఇన్ని జరిగినను 1927 లో పట్టము పుచ్చుకొనువారిలో ప్రథమస్థానము ఆమెదే.

చదువుకొన్న నల్లజాతి స్త్రీకి ఆ దినములలో ఉపాధ్యాయవృత్తి దప్ప వేఱు దారి లేదని లోకము తలచెడిది. అందువలననే కాబోలు ఎల్లా ఆ దారి పట్టక న్యూయార్కు నగరములోని హార్లెముకు వెడలిపోయెను. ఆర్థికమాంద్యపు దినములలో బీదవారు కలసి సరుకులు కొనుక్కొను సహకార సంఘములను నిర్మించుటలో కొంతకాలము పనిచేసెను. పిమ్మట నల్లజాతివారి హక్కులకై పాటుపడు జాతీయ సంఘమున జేరి 1943 నుండి 1946 వఱకు దాని శాఖల కన్నిటికిని నిర్వాహకురాలుగా నుండెను. దక్షిణ రాష్ట్రములలో ఊరూరు దిరిగి, క్షౌరశాలలలోను దేవాలయములలోను సామాన్యులతో మాటలాడి సభ్యులను జేర్చెను. ఊరివారిని నాయకులుగా దీర్చుటకు ఆమె నడపిన శిక్షణ సభలలో నొకదానికి రోసా పార్క్సు వచ్చియుండెను. ఆమెయే 1955 లో మాంట్‌గొమరీలో బస్సుపీట వదలక ప్రసిద్ధి కెక్కినది.

1958 లో బేకరు అట్లాంటా నగరమునకు బోయి, మార్టిను లూథరు కింగుగారి అధ్యక్షతన క్రైస్తవ బోధకులు స్థాపించిన సంఘము యొక్క కార్యాలయమును నిలువబెట్టెను. పని యంతయు ఆమెదే. ఆలోచన యడుగువారు మాత్రము తక్కువ. బోధకులు వేదికలమీద మాటలాడుట కలవాటుపడినవారు. ఒక స్త్రీ తమకు సలహా చెప్పుట వారికి రుచింపలేదు. ఒక్క మహానాయకుని జుట్టు అందఱును గుమిగూడు పద్ధతి ఆమెకును రుచింపలేదు.

ఇట్లుండగా 1960 వ సంవత్సరము ఫిబ్రవరి 1 వ తేదీన గ్రీన్స్‌బరోలోని వ్యవసాయ సాంకేతిక కళాశాలలో మొదటి సంవత్సరము చదువుచున్న నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్వర్తు అను పెద్ద అంగడికి బోయిరి. ఆ అంగడిలో నల్లవారు సబ్బు కొనవచ్చును, కాగితములు కొనవచ్చును. ఫలహారపు బల్లయొద్ద గూర్చుండి కాఫీ త్రాగరాదు. మన దేశపు చదువరులకు ఇట్టి నియమములను వివరింప బనిలేదు. ఆ నలుగురు కూర్చుండిరి. ఎవ్వరును వడ్డింపలేదు, అంగడి మూయువఱకు వారు లేవలేదు. అంతకుముందు రాత్రులు వసతి గృహపు గదులలో వారు దీనిని గుఱించియే చర్చించుకొనుచుండిరి. మఱునాడు మఱికొందఱు వచ్చిరి. బెన్నెటు స్త్రీల కళాశాల విద్యార్థినులును గలిసిరి. వారము దిరుగకముందే వందలమంది యైరి. రెండు మాసములలో ఈ ఉద్యమము అనేక పట్టణములకు వ్యాపించెను.

అయితే ఏ కళాశాలవారికి ఆ కళాశాలయే తెలియును. ఒకచోట చెఱసాల కేగినవారికి ఇంకొకచోట ఏమి జరుగుచున్నదో తెలియదు. ఈ లోపమును బేకరు కనిపెట్టెను. బోధకుల సంఘమునుండి 800 డాలర్లు పుచ్చుకొని, తాను చదువుకొన్న షా విద్యాలయముతో మాటలాడి, ఈస్టరు సెలవులలో ఏప్రిలు 15 మొదలు 17 వఱకు విద్యార్థుల సభకు ఏర్పాటు చేసెను. దక్షిణ రాష్ట్రముల నుండి నూఱుమందికి పైగా వచ్చిరి. ఉత్తరపు కళాశాలల నుండియు గొందఱు వచ్చిరి. నాష్‌విల్లునుండి వచ్చినవారిలో జేమ్సు లాసను ఒకడు. ఆయన 1953 మొదలు 1956 వఱకు మన దేశమున నాగపురములోని హిస్లాపు కళాశాలలో నుండి గాంధీజీ మార్గమును అభ్యసించి తిరిగి వెళ్లినవాడు. తోటి విద్యార్థులకు ఆ మార్గమున శిక్షణ యిచ్చుచుండుటచేత వాండర్‌బిల్టు విశ్వవిద్యాలయమువారు ఆయనను అప్పుడే వెడలగొట్టియుండిరి.

సభలో బేకరు ఒక యేర్పాటు చేసెను. ఉత్తరపు విద్యార్థులు వాక్చతురులు; దక్షిణపువారు చెఱసాలలు చూచినవారే గాని సభలకు క్రొత్తవారు. ఇరువురిని ఒకచోట గూర్చుండబెట్టినచో మాటనేర్పరులే గెలుతురని యెఱిగి, దక్షిణపువారు ముందు తమలో తాము ఆలోచించుకొనుటకు వేఱుగా గూర్చుండునట్లు చేసెను. అసలు చిక్కు పెద్దల వలన వచ్చెను. బోధకుల సంఘమువారిలో గొందఱు ఈ విద్యార్థులను తమ సంఘమునకు బాలశాఖగా జేర్చుకొన దలచి, రహస్యముగా గూడి, ఎవరిచేత ఎవరిని ఒప్పింపవలెనో లెక్కలు వేసికొనిరి. జీతమిచ్చి తన్ను పోషించువారు వారే యని యెఱిగియు బేకరు వారితో ఏకీభవింపక ఆ గది విడిచి లేచిపోయెను. విద్యార్థులు తాము ప్రారంభించిన పనికి తామే యజమానులుగా నుండవలెనని ఆమె పట్టు. చివఱకు వారు ఏ పెద్ద సంఘమునకును లోబడక స్వతంత్రముగా నొక సంఘమును స్థాపించుకొనిరి. విద్యార్థి అహింసా సమన్వయ సంఘమని దాని పేరు. ఆంగ్లనామపు మొదటి యక్షరములను గలిపి స్నిక్కు అనిరి. ఫిస్కు విశ్వవిద్యాలయ విద్యార్థి మేరియను బారీ మొదటి అధ్యక్షు డాయెను.

ఆ వేసవి గడువకముందే బేకరు బోధకుల సంఘపు ఉద్యోగము మానెను. స్నిక్కునకు ఆమె అధ్యక్షురాలు గాదు. రాత్రులు తెల్లవాఱువఱకు సాగు వారి సమావేశములలో ఒక మూల గూర్చుండెడిది. యువకుల సిగరెట్టుల పొగ ఆమెకు గిట్టదు. అందుచేత ముక్కునకు గుడ్డ కట్టుకొని వినుచుండెడిది. వినుట యెక్కువ, మాటలాడుట తక్కువ. మాటలాడినను సాధారణముగా ప్రశ్న వేయుటయే. ఎంత చనువున్నను వారందఱును ఆమెను మిస్ బేకరు అనియే పిలిచెడివారు. 1961 ఆగస్టులో టెన్నెస్సీలోని హైలాండరు పాఠశాలలో వారికి పెద్ద తగవు వచ్చెను. కొందఱు సత్యాగ్రహమే చేయుదమనిరి. కొందఱు పల్లెలకు బోయి నల్లవారిని ఓటర్లుగా జేర్పింతమనిరి. సంఘము చీలిపోవుటకు సిద్ధమైనప్పుడు మాత్రము ఆమె కల్పించుకొని, రెండు పనులకు రెండు శాఖలు పెట్టుకొనుడని చెప్పెను. డయాన్ నాష్ సత్యాగ్రహ శాఖకు నాయకురాలాయెను. మిసిసిపీ పల్లెలలో ఓటు నడుగబోయిన వారికిని దెబ్బలును చెఱసాలయునే ఎదురగుటచేత ఆ భేదము త్వరలోనే మాసిపోయెను. బాబు మోసెస్ అను యువకుని మిసిసిపీకి బంపునప్పుడు అచ్చటి పాత పరిచయస్థులకు ఆమె ముందుగా ఉత్తరములు వ్రాసెను. పూర్వము ఊరూరు దిరిగి సంపాదించిన స్నేహములే ఇప్పుడు పిల్లలకు అన్నమును, తలదాచుకొను చోటును అయ్యెను.

1964 లో మిసిసిపీవారు స్థాపించిన స్వాతంత్ర్య ప్రజాపక్షమునకు గూడ ఆమె తోడుపడెను. జాతీయ మహాసభలో వారి కర్హమైన స్థానములకు బదులు రెండు మాత్రమే యిత్తుమనగా వారు పుచ్చుకొనలేదు. స్నిక్కు చిరకాలము నిలువలేదు; అంతఃకలహములచేత 1970 తరువాత కొలది కాలమునకే అంతరించెను. ఈ దోషమును దాచుట తగదు. కాని ఆ సరికి విద్యార్థుల ఉద్యమము క్రొత్త రూపు దాల్చెను. 1966 లో సాను ఫ్రాన్సిస్కో ప్రభుత్వ కళాశాలలో నల్లజాతి విద్యార్థుల సంఘ మేర్పడెను. ఆ సంఘమువారు ఇతరులతో గలిసి 1968 నవంబరునుండి 1969 మార్చివఱకు సమ్మె చేసి, తమ జాతుల చరిత్రను బోధించు ప్రత్యేక విభాగమును సాధించిరి.

ఎల్లా బేకరు 1986 వ సంవత్సరము డిసెంబరు 13 వ తేదీన, తన 83 వ జన్మదినముననే, హార్లెములో గాలధర్మము నొందెను. 2009 లో అమెరికా తపాలాశాఖవారు పౌరహక్కులకై పాటుపడిన పండ్రెండుమంది చిత్రములతో ఆఱు బిళ్లలను వెలువరించిరి. ఒక్కొక్క బిళ్లపై ఇద్దరేసి గలరు. బేకరు ప్రక్కన నున్నది రూబీ హర్లీ. 1940 లలో కళాశాలలు దిరిగి జాతీయ సంఘమునకు విద్యార్థి శాఖలను పెంపొందించినది ఆమెయే.