తాటిచెట్టు దిగి కోట కట్టిన పాపన్న

హుస్నాబాద్: కల్లు గీసే ఇంట పుట్టి, దారి దోపిడీలు చేసి, కోటలు కట్టి, చివరికి ఢిల్లీ పాదుషా చేతి మీదుగానే ఖిల్లత్ అందుకొన్న మనిషి ఒకడు మన ప్రాంతంలో తిరిగాడు. అతడే సర్వాయి పాపన్న. 2016 వరకు కరీంనగర్ జిల్లాలో ఉండిన హుస్నాబాద్, కోహెడ ప్రాంతాల్లో అతని పేరు వినని వారుండరు. కోహెడ మండలం సర్వాయిపేటలోని పాత కోట అతడు కట్టించిందే అంటారు. మొగలాయిల చరిత్రకారుడు ఖాఫీఖాన్ మాత్రం అతన్ని దొంగగానే రాసి పెట్టాడు. శారదకాండ్ర కథలో అతడు సర్దారు.

అతని మొదటి దోపిడీ పరాయి ఇంట జరగలేదు. విధవరాలై, కాస్త కలిగి ఉన్న సొంత తోబుట్టువును కొట్టి, ఆమె నగలూ నగదూ తీసుకుపోయాడని చరిత్ర. పాటలు పాడేవారు ఈ సంగతి ఎత్తరు. ఆ సొమ్ముతో కొందరిని పోగుచేసుకొని తాటికొండ గుట్ట మీద మోటుగా ఒక కోట కట్టి, బాటసారులను దోచసాగాడు. తరుముకు రాగా కౌలాసు జమీందారు వెంకటరావు దగ్గర జమాదారుగా చేరాడు. అక్కడా చేయి ఊరుకోలేదు. ఖైదులో పడ్డాడు. అయితే జమీందారు భార్య, ఇంట్లో జబ్బు నయం కావాలని పుణ్యానికి ఖైదీలందరినీ విడిపించింది. ఆ పుణ్యంలో పాపన్న కూడా బయటపడ్డాడు.

ఆ తరువాత షాపురంలో, అంటే నేటి జనగామ జిల్లా ఖిలాషాపురంలో, జోడీదారు సర్వతో కలిసి స్థిరపడ్డాడు. 1702 నుండి హైదరాబాదు నాయబు సుబేదారు రుస్తుం దిల్ ఖాన్ ఫౌజులు పంపుతూనే ఉన్నాడు. మొదట వచ్చిన ఖాసింఖాన్ చచ్చాడు. తరువాత సుబేదారు తానే వచ్చి రెండు నెలలు ముట్టడించి కోట కూల్చాడు. పాపన్న తిరిగి వచ్చి ఈసారి రాతితో కట్టాడు. మళ్ళీ ముట్టడి వేసిన సుబేదారు పెద్ద మొత్తం లంచం పుచ్చుకొని వెనుదిరిగాడు. దొంగను పట్టవచ్చినవాడే దొంగ సొమ్ము తిన్నాడన్నమాట.

1707లో ఔరంగజేబు చనిపోయి, అతని కొడుకులు తఖ్తు కోసం కొట్టుకొంటున్న అదను చూసి పాపన్న ఓరుగల్లు మీద పడ్డాడు. అది 1708 ఏప్రిల్ 1. పీరీల పండుగ సందడిలో ఊరు ఏమరి ఉన్నది. రెండు మూడు వేల కాలిబలం, నాలుగైదు వందల గుర్రాలు అతని వెంట ఉన్నాయి. కొందరు బాటలు కట్టేయగా మిగతావారు తాళ్ళు వేసి గోడలెక్కారు. మోకు, ముస్తాదు పట్టిన చేతులకు అదేమి కష్టం! కలవారి ఇళ్ళు ఊడ్చి, వేలమందిని చెరపట్టుకుపోయారు. రెండు నెలలకు భువనగిరి వంతు వచ్చింది.

ఈ సొమ్ముతో డచ్చి, ఇంగ్లీషు వర్తకుల దగ్గర జోడు గొట్టాల తుపాకులు 700 కొన్నాడు. పల్లకీలో, రాజు తీరున తిరిగాడు. లంబాడీ వర్తకుల ధాన్యం బిడారులను అడ్డగించి, పది పన్నెండు వేల ఎడ్లను పట్టి, తన పొలాల్లో దున్నకానికి పూన్చాడు. ఇతర దొంగల చరిత్రలో ఈ విలేకరి ఇలాంటిది వినలేదు.

1709 జనవరిలో బహదూర్ షా పాదుషా హైదరాబాదు వచ్చినప్పుడు పాపన్న 14 లక్షల రూపాయలు నజరానాగా ఇవ్వజూపి, దర్బారులో గౌరవ వస్త్రం పొందాడు. నగరంలోని పెద్దలు భగ్గుమన్నారు. తమ ఆడవాళ్ళు వాని చెరలో మగ్గుతుంటే కల్లు గీసేవానికి ఖిల్లతా అని ఫిర్యాదు చేశారు. పాదుషా మనసు మార్చుకొని సుబేదారు యూసుఫ్ ఖాన్‌కు పాపన్నను అణచమని హుకుం ఇచ్చాడు.

అయితే ముందు దెబ్బ ఇంట్లోనే పడింది. పాపన్న తన భార్య అన్నదమ్మునే, ఒక ఫౌజుదారును, షాపురం ఖైదులో పెట్టి ఉంచాడు. ఆమె తన తోడబుట్టినవానికి పంపే భోజనంలో ఆకురాళ్ళు దాచి పంపింది. అతడు, తోటి ఖైదీలు బేడీలు కోసుకొని కావలివాళ్ళను పడగొట్టి కోటనే పట్టుకొన్నారు. పాపన్న అప్పుడు మరోచోట పోరులో ఉన్నాడు. పరుగున వచ్చేసరికి తన ఫిరంగులే తన మీద పేలాయి.

తాటికొండ చేరి నెలల తరబడి నిలిచాడు. మందుగుండు తరిగింది. రెండింతల జీతం ఆశ చూపి యూసుఫ్ ఖాన్ అతని మనుషులను లాగేశాడు. ఒక దర్వాజా దగ్గర చెప్పులూ హుక్కా వదిలి, పాపన్న మరో దర్వాజా నుండి మారువేషంలో జారుకొన్నాడు. వెతికేవారిని పక్కదోవ పట్టించే ఉపాయమది.

తానే నెలకొల్పిన హసనాబాదు చేరి, కల్లు దుకాణంలో కూర్చున్నాడు. అది మన హుస్నాబాదే అని ఇక్కడివారి మాట. ఇక్కడి ఎల్లమ్మ గుడి, చెరువు కూడా అతని పేరనే చెబుతారు. వేషం మార్చినా కల్లు అమ్మేవాడు పోల్చుకొన్నాడు. తన కులపువాడే. మెల్లగా కబురు పంపాడు. ఆ కబురు చేరింది షాపురం ఖైదు నుండి ఆకురాయితో బయటపడిన బావమరిదికే. అతడే మనుషులతో వచ్చి పట్టుకొన్నాడు.

1710లో పాపన్నను ముక్కలు చేసి చంపారు. తలను పాదుషా దర్బారుకు పంపి, మొండెం హైదరాబాదు దర్వాజాకు వేలాడదీశారు. శారదకాండ్రు మాత్రం అతని కథను తరతరాలుగా పాడుతూ వచ్చారు. దానినొక తెల్లదొర రాసుకొని 1874లో అచ్చు వేయించాడు.