కృపా సదనమును కట్టిన తల్లి – పండిత రమాబాయి

పండిత రమాబాయి గారి పేరు వినని క్రైస్తవ కుటుంబము మనలో అరుదు. మేము వేదాంత కళాశాలలో చదువుకొను దినములలో ఆమెను సంస్కృత పండితురాలిగాను, మరాఠీ బైబిలు అనువాదకురాలిగాను మాత్రమే ఎరిగియుంటిమి. పడుపువృత్తిలో చిక్కి బయటపడిన స్త్రీలకొరకు ఆమె కట్టిన ఇంటిని గూర్చి తరువాతనే తెలిసికొంటిమి. ఆ సంగతి ప్రియ సంఘస్థులకు తెలియజేయ గోరుచున్నాము.

ఆమె 1858 ఏప్రిల్ 23న జన్మించెను. యౌవనారంభమునందే తల్లిదండ్రులు కరువువాత పడిరి. 1878లో కలకత్తా పండితులు ఆమె విద్యను మెచ్చి పండిత, సరస్వతి అను బిరుదుల నిచ్చిరి. పెండ్లియైన రెండేండ్లకే, 1882లో, చంటిబిడ్డతో విధవరాలాయెను. 1883లో ఇంగ్లండు వెళ్లి, వాంటేజి సహోదరీల యొద్ద నివసించెను.

ఆ సహోదరీలు లండనులోని ఫుల్‌హామ్‌లో, లోకము వెలివేసిన స్త్రీలకొరకు ఒక గృహము నడుపుచుండిరి. రమాబాయి గారు అచ్చటికి వెళ్లినప్పుడు, ఒకప్పుడు ఆశ్రయము కోరి వచ్చిన స్త్రీలే రోగులకు పరిచర్య చేయుచుండుట చూచి ఆశ్చర్యపడిరి. అట్టివారిపై ఇంత కనికరమేల అని అడుగగా, ఒక సహోదరి యోహాను సువార్త 4వ అధ్యాయములోని సమరయ స్త్రీ వృత్తాంతము వినిపించెను. అది ఆమె హృదయములో నాటుకొనెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు 29న బాప్తిస్మము పొందిరి.

స్వదేశమునకు తిరిగివచ్చి, 1889లో బొంబాయిలో విధవరాండ్రకొరకు శారదా సదనము తెరచిరి. 1896-97లో మధ్య పరగణాలను కరువు పీడించినప్పుడు అచ్చటికి వెళ్లిరి. ఆకలిగొన్న బాలికలను మభ్యపెట్టి చెడు వ్యాపారమునకు లాగుకొనిపోవువారు అచ్చట తిరుగుచుండిరి. తానును ఆకలి నెరిగినది గనుక ఊరకుండలేక, సుమారు 300 మందిని వెంటబెట్టుకొని వచ్చిరి. పూనా దగ్గర కేడ్‌గాఁవ్‌లో ముక్తి సదనము ఆ విధముగా వెలసెను. చెరుపబడిన స్త్రీలకు అచ్చటనే కృపా సదనము కట్టించిరి.

అన్నము పెట్టి ఊరకుండలేదు. ముక్తిలో చదువు, నేత, కుట్టుపని, వ్యవసాయము, పాడి, అచ్చుపని నేర్పిరి. చేతిలో పనిలేని స్త్రీని ఆకలి మరల ఆ గుమ్మమునకే ఈడ్చునని ఆమె ఎరుగును. ఆమె అనువదించిన మరాఠీ బైబిలుకు అక్షరములు కూర్చినవారు ముక్తిలోని స్త్రీలే. 1922 ఏప్రిల్ 5న ఆమె ప్రభువునందు నిద్రించిరి.

మన ఊళ్లనుండియు పని ఇప్పింతుమను మాట నమ్మి వెళ్లి, మోసపోయి తిరిగివచ్చు బిడ్డలున్నారు. అట్టి బిడ్డ ఆదివారము గుడికి వచ్చి చివరి చాపమీద కూర్చుండినప్పుడు, మనము గుసగుసలాడుదుమా, దగ్గర కూర్చుండుదుమా? ఆరాధన ముగిసిన తరువాత ఆమెకు భోజనము పెట్టు ఇల్లు, కుట్టుమిషను నేర్పు చేయి మన సంఘములో ఉన్నవా? గతమును గూర్చి ప్రశ్నించుటకు ముందు, వీటికి జవాబు సిద్ధపరచుకొందము.